మణికట్టు మీద ఓడ తాడు

వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కి రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంకొకరికి చెప్పవలసింది నా దగ్గర ఈ ఒక్క ముక్కే ఉంది. మిగతాదంతా నా కోసం రాసుకుంటున్నాను. ఎడమ చేత్తో రాస్తున్నాను కాబట్టి పేజీ నిండడానికి ఒక పూట పడుతోంది. ఆ ఎడమ మణికట్టుకి కట్టిన దారం ఒకటి కాగితానికి రాసుకుంటూ విసిగిస్తోంది. దాని సంగతి చివర్లో చెబుతాను. అలసిపోయినప్పుడల్లా ఆపేసి మళ్ళీ మొదలుపెడుతున్నాను, అతుకులు కనిపిస్తే సర్దుకోండి.

జబ్బు పేరు రాయను. రాస్తే మీరు ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి వెతుకుతారు. నా భార్య వరలక్ష్మి (నేను వరం అంటాను) అలాగే వెతికి, ప్రింటౌట్లు తెచ్చుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. నరాల జబ్బు. ముందు కాళ్ళూ చేతులూ, తర్వాత గొంతూ, ఊపిరీ పట్టు తప్పుతాయి. చాలామందికి తిరిగి వస్తాయట. ఇంతకు మించి నాకూ తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. సికింద్రాబాద్‌లో ఒక ఇంజినీరింగ్ కంపెనీలో ఇరవై ఏళ్ళుగా బల్ల మీద వంగి గీతలు గీస్తున్నాను. ఇల్లు పద్మారావు నగర్‌లో, రెండో అంతస్తు. పుట్టింది భీమిలిలో. సముద్రం పక్కన పుట్టినవాణ్ణే గానీ పడవెక్కితే వాంతి. అందుకేనేమో తెరచాప ఓడల్ని టేబుల్ మీద కట్టుకోవడం మరిగాను. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఓ ప్లాను, వడ్రంగి పారేసే టేకు చీలికలు, వెదురు పుల్లలు, చొక్కా గుండీలు. మూడు స్తంభాల ఓడ. పొడవు రెండున్నర అడుగులు. నాలుగేళ్ళ పని.

ఓడ మొత్తంలో తాళ్ళే అసలు పని. రెజిమెంటల్ బజార్‌లో నూలు ఉండలు కొని, మూడు పోగులు కలిపి, చేతి డ్రిల్లుతో ఎడమవైపుకి మెలిపెట్టి, టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఆరాక తేనె మైనం రుద్దుతాను. అప్పుడది దారంలా ఉండదు, తాడు చిన్నదై కూర్చున్నట్టు ఉంటుంది. స్తంభాలకి రెండు పక్కలా నిచ్చెనల్లాంటివి ఉంటాయి. ఒక్కో మెట్టుకీ వరసగా ముడులు. అన్ని ముడులూ ఒక్కలాగే ఉండాలి, ఒక్కటి వదులైనా నిచ్చెనంతా జారి కనిపిస్తుంది.

జూలైలో ఆ ముడులే జారడం మొదలుపెట్టాయి.

ఒక సాయంత్రం పదకొండు మెట్లు కట్టి చూసుకుంటే తొమ్మిది వదులుగా ఉన్నాయి. విప్పి మళ్ళీ కట్టాను. మళ్ళీ అంతే. బొటనవేలూ చూపుడువేలూ సూదితో పొడుస్తున్నట్టు ఉన్నాయి. దారం లాగి లాగి అలా అయిందనుకున్నాను. ఈ పని చేసేవాళ్ళకి వేళ్ళు తిమ్మిరెక్కడం మామూలే. ఇంకెవరైనా అయితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోయేవారు. నేను కొబ్బరినూనె రాసుకుని, మైనం ఎక్కువైందేమోనని కొత్త దారం తిప్పుకున్నాను. అలా ఆరు రోజులు పోయాయి. ఏడో రోజు పొద్దున బస్సు మెట్టు మీద పెట్టిన కాలు పైకి లేవలేదు. వెనకనుంచి ఎవరో "జెర జల్దీ ఎక్కు సాబ్" అంటున్నారు. నేను ఆ కాలు వైపే చూస్తూ నిలబడ్డాను.

వరం నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తూ ఒకటే మాట అంది.

"ఆరు రోజుల్నుంచీ తిమ్మిరి ఉందా? నాకు చెప్పాలని కూడా అనిపించలేదా?"

ముడుల వల్ల అనుకున్నానని చెప్పాను. ఆమె తల అటు తిప్పుకుంది.

ఆగస్టంతా ఆసుపత్రిలో. ఎన్నాళ్ళు ఏ గదిలో ఉన్నానో వరుసగా గుర్తులేదు. ఊపిరి మిషన్ అందుకుంది, గొంతులో గొట్టం, మాట లేదు. మెదడు మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. అది పనిచేయకపోయినా బాగుండేదనిపించిన పూటలున్నాయి. ముక్కు మీద దోమ వాలితే వాలినట్టే. ఒక ఆయా ఉండేది, నర్సమ్మ అని, బన్సీలాల్‌పేట్ నుంచి వచ్చేది. అటు పోతూ ఇటు పోతూ అడక్కుండానే నా ముక్కు గోకి పోయేది. "దురద వెట్టినా చెప్పరాదు గదా పాపం" అనేది. ఆ నెలలో నాకు జరిగిన మేలు ఏదంటే ముందుగా ఆవిడ గోరే గుర్తొస్తుంది.

వరం మూడు నెలల ముందే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. ఇంకా ప్రొబేషన్. పొద్దున ఏడింటికి కంపెనీ క్వాలిస్ వచ్చి వీధి చివర హారన్ కొట్టేది. నాకు జీతం లేని సెలవు, ఆమెకి ఏ సెలవూ లేదు. అందుకని విజయనగరం నుంచి మా అత్తగారిని పిలిపించింది.

ఇక్కడ మా ఇళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్ళయి పన్నెండేళ్ళయినా అత్తగారు నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. అల్లుడి ఎదురుగా కూర్చోకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు. నేను హాల్లో ఉంటే ఆవిడ తలుపు వెనక ఉంటారు. "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడగవే" అని నాకు వినబడేట్టే కూతురితో అంటారు. నేనూ "వద్దని చెప్పు" అంటాను. మధ్యలో నిలబడలేక వరం నవ్వేది. అలాంటి మనిషి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నా మంచం పక్కన, లోపలికి రానివ్వని వేళల్లో బయట వెయిటింగ్ హాల్లో.

మొదటి రోజు తల పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. రెండో రోజు నా నోటి పక్కన కారిన చొంగ తుడిచారు. మూడో రోజు, నేను కళ్ళు మూసుకుని ఉన్నాననుకుని కాబోలు, మెల్లగా అన్నారు.

"ఏటి బాబూ ఇది. ఏటైపోయారు మీరు."

పన్నెండేళ్ళలో అదే మొదటి మాట. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు కాబట్టి ఆవిడే తుడిచారు, ఏమీ అననట్టు.

ఆ వారంలోనే నా కుడి చెయ్యి పైకెత్తి మణికట్టుకి ఒక దారం కట్టారు. "పైడితల్లమ్మకి మొక్కుకున్నాను. దీన్ని కొయ్యకూడదు. మీకు బాగైనాక మీ సేత్తో మీరే ఇప్పుకోవాలి" అన్నారు. చెయ్యి దించబోతూ ఒక్క క్షణం నా కళ్ళ ముందు ఆపారు, చూడమన్నట్టు.

చూశాను. పసుపు అంటీ అంటనట్టు చుక్కలు చుక్కలుగా ఉంది. మైనం పట్టిన దారానికి పసుపు అంటదు. మూడు పోగులు, ఎడమవైపు మెలి, టీ రంగు. లోకంలో అలాంటి దారం ఒక్కచోటే ఉంది, అది మా హాల్లో టేబుల్ మీద ఉంది.

ఇంకా కట్టని తాళ్ళు ఓడ స్తంభాల నుంచి వేలాడుతూ ఉండాలి, ఇరవై ఏడు. ఒక్కోటి ప్లాను ప్రకారం కొలిచి, పొడవు చూసి వదిలిపెట్టినవి. మిగతా ఇరవై ఆరూ ఏమయ్యాయని అడగడానికి నాకు గొంతు లేదు. ఊపిరి సొంతం కాని స్థితిలో మనిషి దేవుణ్ణి తలుచుకుంటాడంటారు. నేను మూడు వారాలు పడుకుని ఆ తాళ్ళు లెక్కపెట్టుకున్నాను. సిగ్గుగానే ఉంది, అయినా నిజమే రాయాలి.

సెప్టెంబరు మధ్యలో ఇంటికి తెచ్చారు. ఊపిరి వచ్చింది, మాట వచ్చింది, కాళ్ళు పట్టుకుంటే నిలబడుతున్నాయి. చేతులు భుజం నుంచి మణికట్టు దాకా వచ్చి అక్కడ ఆగాయి. వేళ్ళు లేవు. అంటే ఉన్నాయి, వంకర తిరిగి, ఒడిలో వేరే ఎవరివో పెట్టినట్టు ఉన్నాయి. డిశ్చార్జి రోజున పెద్ద డాక్టరుని అడిగాను, వేళ్ళు ఎప్పటికి వస్తాయని. ఆయన ఫైలు మూస్తూ "చూద్దాం" అన్నారు. గీతలు గీసి బతికేవాడికి, ముడులు కట్టి బతుకుని భరించేవాడికి ఆ "చూద్దాం" ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఆరు నెలలు ఆ మాట మీదే బతికాను.

ఇద్దరు మనుషులు రెండు పక్కలా పట్టుకుని మేడ ఎక్కించారు. హాల్లోకి రాగానే టేబుల్ వైపు చూశాను. ఓడ శుభ్రంగా ఉంది. దుమ్ము లేదు. ఒక్క తాడు కూడా వేలాడటం లేదు. స్తంభాల దగ్గర నీటుగా, మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

అత్తగారు వంటింటి తలుపు వెనక ఉన్నారు. నేను ఇంటికి రాగానే ఆవిడా తన చోటికి తను వెళ్ళిపోయారు. ఆ తలుపు వైపు తిరిగి, పన్నెండేళ్ళలో మొదటిసారి, నేను నేరుగా మాట్లాడాను.

"మిమ్మల్ని ఎవరు కోయమన్నారండీ వాటిని? మీ చేతులు ఊరుకోవా?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. తలుపు వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఊడిపోయిన దారాలనుకున్నాను బాబూ. వేలాడతన్నాయని సర్దాను. ఒకటి మీ సేతికి కట్టాను. మిగతావి ఆసుపత్రి గుళ్ళో అమ్మోరికి పూలు కట్టడానికి వాడాను. నాకేటి తెలుసు."

వరం నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె కంఠం పెంచలేదు. పెంచినా బాగుండేది.

"మీకు ఊపిరి ఆడనప్పుడు ఆ చేతులే మీ ఒళ్ళు తుడిచాయి. ఇంకో మాట అంటే అమ్మని ఇప్పుడే రైలెక్కిస్తాను, మిమ్మల్ని మీరే చూసుకోండి."

ఇంకో మాట అనలేదు. ఆ మాట వెనక్కి తీసుకోనూ లేదు. అత్తగారు మళ్ళీ నాతో మాట్లాడటం మానేశారు. అన్నం కలిపి ముద్దలు నోట్లో పెట్టేటప్పుడు కూడా గోడ వైపు చూసేవారు. ఆ రెండు నెలలు మా ఇంట్లో మాటలు టీవీవి మాత్రమే.

ఫిజియోథెరపీకి యాదగిరి అనే అతను బొల్లారం నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. ముప్పై దాటని మనిషి, మాట చల్లన. రబ్బరు బంతి నొక్కమనేవాడు, చపాతీ పిండి పిసకమనేవాడు, గిన్నెలోంచి శనగలు ఒక్కొక్కటే తియ్యమనేవాడు. బంతి జారిపోయేది. శనగలు నేలంతా. నవంబరు వచ్చేసరికి నాకు విసుగొచ్చేసింది. ఆఫీసు నుంచి ఒకతను చూడటానికి వచ్చి, బల్లలన్నీ తీసేసి కంప్యూటర్లు పెట్టారని, నా బల్ల కూడా పోయిందని, దిగులుపడొద్దని, మౌస్‌కి రెండు వేళ్ళు చాలని చెప్పి ఆపిల్ పళ్ళు ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు యాదగిరిని ఇక రావద్దన్నాను.

"గట్లంటవేందన్నా. నర్వు గొంగళిపురుగు తీర్గ నడుస్తది. ఒక్కదినంల ఐతదా?"

"ఎన్ని దినాలైనా శనగలు ఏరడమేనా నా పని?"

యాదగిరి గుమ్మం వైపు చూస్తున్నాడు. వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు నేల మీద కూర్చుని కనకాంబరాలు కడుతున్నారు. పువ్వులు రెండు ఇటు, రెండు అటు పెట్టి, దారం వేలికి చుట్టి మెలేసి కాడల మీంచి దించి లాగడం. చూస్తుండగానే జానెడు అయిపోయింది. ఆవిడ చూపు చేతుల మీద లేదు, గోడ మీద ఉంది.

"గిదే," అన్నాడు యాదగిరి. "గిదే కావాలె. అమ్మా, జెర అన్నకు నేర్పుతవా? శనగలు బంద్. రేపటి సంది పూలు కట్టుడు షురూ."

అత్తగారు కంగారుపడి లేచి నిలబడ్డారు. నేనూ కంగారుపడ్డాను. మగవాడు పూలు కట్టడం సంగతి అటుంచి, నేర్చుకోవాలంటే ఎదురుగా కూర్చోవాలి. అప్పటికి రెండు నెలలుగా మాటల్లేవు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే పూల బుట్ట తెచ్చి నా ముందు పెట్టారు. కుర్చీలో కాదు, నేల మీద, కొంచెం పక్కకి తిరిగి కూర్చున్నారు. ఎదురుగా కూర్చున్నట్టూ కాదు, కూర్చోనట్టూ కాదు.

"అమ్మాయి ఆఫీసులో ఉంది కదా. నానే సెప్పాలి మరి," అన్నారు. ఆ మాట నాకు చెప్పుకున్నారో తనకి చెప్పుకున్నారో తెలియలేదు.

మొదటి వారం ఒక్క పువ్వు నిలవలేదు. నా కుడి బొటనవేలు మడత పడదు. ఆవిడ నా వేలు పట్టుకుని దారం చుట్టి, తన వేలితో నొక్కి దించేవారు. "నొక్కండి బాబూ. ఒగ్గీకండి" అనేవారు. నేను వదిలేసేవాణ్ణి. పూలు ఒళ్ళో రాలేవి. ఎడమ చెయ్యి ముందు తెలివి తెచ్చుకుంది. డిసెంబరు చివరికి ఎడమ చేత్తో కట్టి, కుడి చేత్తో అదిమిపట్టి, మూర పూలు కట్టాను. వరం అవి పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. క్వాలిస్ దాకా వెళ్ళేసరికి సగం రాలాయని సాయంత్రం వచ్చి చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే నేను గమనించింది ఒకటుంది. ఆవిడ వేసే పూల ముడీ, నేను ఓడ నిచ్చెనకి వేసే ముడీ ఒక్కటే. నేను పట్టకారుతో, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టి పది నిమిషాలు పడే ముడి, ఆవిడ గోడ వైపు చూస్తూ వేస్తున్నారు. సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం అడిగాను.

"ఆ మెట్లు మీరు కడతారా? నేను దారం తిప్పిస్తాను."

"మళ్ళీ నా సేతులు పెట్టమంటారా అందులో?"

నేను తల దించుకున్నాను. క్షమించమని అడగాల్సింది అక్కడే. నోరు రాలేదు. ఆవిడే లేచి ఓడ దగ్గరికి వెళ్ళారు.

మెట్లన్నీ ఆవిడ కట్టారు. కోసేసిన ఇరవై ఏడు తాళ్ళూ మళ్ళీ వేయడం నా పని. ఎడమ చేత్తో రోజుకి ఒకటి. కొన్ని రోజులు అదీ లేదు. అన్నిటికంటే కష్టమైంది ముందు స్తంభం మీంచి ఓడ ముక్కు దాకా వచ్చే పొడుగు తాడు, ఒకే ముక్కగా నాలుగు కప్పీల్లోంచి దూరాలి. దానికొక్కదానికే వారం పట్టింది. అది బిగించిన రోజు కుర్చీలో వాలి నిద్రపోయాను. ఇల్లు సర్దుకున్నాక అత్తగారు విజయనగరం వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి చివర్లో ఒక పొద్దున నా కుడి మణికట్టు మీది దారం విప్పాను. ఆరు నెలల చెమటకి నల్లబడి, మైనం గట్టిపడి రాయిలా ఉంది. పావుగంట పట్టింది. ఫోన్ చేసి చెప్పాను.

"కోసీలేదు కదా?" అన్నారు అత్తగారు.

"లేదండీ, విప్పాను."

"ఏ సేత్తో?"

"ఎడమ చేత్తో."

"మరి కుడి సెయ్యి?"

"అదింకా అలాగే ఉంది. బొటనవేలు కొంచెం కదులుతోంది."

ఏడుస్తున్నారేమో అనుకున్నాను. ఏడవడం లేదు, ఆలోచిస్తున్నారు.

"అయితే ఇంకోటి కట్టాలి బాబూ. ఈసారి ఎడం సేతికి. అప్పుడు ఇప్పాల్సింది కుడి సెయ్యే."

మార్చి మొదటి వారంలో వచ్చారు. వరం స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చింది. కాఫీ తాగి, చేతులు కడుక్కుని, పసుపు గిన్నె పట్టుకుని వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. నేరుగా, తలుపు లేకుండా, పక్కకి తిరక్కుండా. వరం గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దారం ఇవ్వండి బాబూ. ఆ ఉండలోది సాలు."

ఉండ టేబుల్ మీదే ఉంది. దాని పక్కనే ఓడ. ఇరవై ఏడు తాళ్ళూ బిగిసి, నిచ్చెనలతో సహా పూర్తయి ఉంది. సెప్టెంబరులో తలుపు వైపు తిరిగి నేనన్న మాట గుర్తొచ్చింది. దానికి ఇప్పటిదాకా క్షమాపణ చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా మాటలు రావడం లేదు.

ఉండ తీసుకోలేదు. కత్తెర తీసుకున్నాను. ఎడమ చెయ్యి అలవాటుగా ముందుకొస్తే దాన్ని వెనక్కి పెట్టి, కుడి బొటనవేలు కత్తెర రింగులో దూర్చాను. ముందు స్తంభం మీంచి ముక్కు దాకా వచ్చే ఆ పొడుగు తాడు మీద పెట్టి నొక్కాను. కత్తెర జారింది. మళ్ళీ పెట్టాను.

"అది వేలాడతం లేదు కదా బాబూ," అన్నారు అత్తగారు.

"లేదండీ," అన్నాను.

మూడోసారికి తెగింది. ఆ ముక్కే ఆవిడ చేతిలో పెట్టి, నా ఎడమ చెయ్యి చాపాను.